ఎక్కడికని అడగకూడదు

మా ఇంట్లో ఎవరు ఎవర్నైనా తిట్టొచ్చు, అన్నం ముందునుంచి లేచిపోవచ్చు, వారం రోజులు మాటల్లేకుండా గడపొచ్చు. బయలుదేరుతున్న మనిషిని ‘ఎక్కడికి?’ అని మాత్రం అడగకూడదు. ఆమాటకొస్తే ఇది అందరిళ్ళలోనూ ఉన్నదే. కాకపోతే మిగతావాళ్ళకి అది పట్టింపు, మాకు చట్టం. మాది బందరు పక్కన, హార్బరున్న గిలకలదిండి. ఇక్కడ బోటు మొగ, అంటే కాలవ సముద్రంలో కలిసే చోటు, దాటి వెళ్ళాలంటే పోటు మీదుండగానే వెళ్ళాలి. నీళ్ళు తీసేస్తే మొగలో ఇసుక తగిలి బోటు కూర్చుండిపోతుంది. గుమ్మం దాటేవాణ్ణి ఎవరైనా ఎక్కడికని అడిగారనుకోండి, వాడు వెనక్కి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి. ఈలోగా పోటు తీసేస్తుంది. వాడొక్కడికే కాదు, వాడికోసం బోటులో కాచుకున్నవాళ్ళందరికీ ఆ రోజు వేట లేనట్టే.

చిన్నప్పుడు నేను ఒకే ఒక్కసారి అడిగాను. నాన్న చెప్పుల్లో కాలు పెట్టబోతూ, ఆ కాలు వెనక్కి తీసుకుని, మారు మాట్లాడకుండా వచ్చి చాప మీద కూర్చున్నాడు. మా నాయనమ్మ వీరమ్మ నాకు తొడపాశం పెట్టింది. ఆ రోజు బోటు కదల్లేదు. చాలా ఏళ్ళపాటు హార్బరులో నేను కనబడితే “అదిగో, అడిగిన పిల్ల” అని నవ్వేవాళ్ళు. ఆ తరవాత ఎవరన్నా చెప్పులేసుకుంటుంటే అందరిలాగే “దూరమా?” అని మర్యాదగా అడగడం నేర్చుకున్నాను.

అలాంటి ఇంట్లో, 2001 వేసవిలో, నేను ఎక్కడికి వెళ్ళాలన్నదే పెద్ద గొడవైపోయింది.

నా పేరు ఝాన్సీలక్ష్మి. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తిచేసి అప్పుడే ఇంటికొచ్చాను. పరిశోధనకి రెండుచోట్ల నుంచి రమ్మన్నారు. ఒకటి బెంగళూరు. దేశంలో ఫిజిక్స్ చదివేవాళ్ళు అక్కడ సీటొస్తే చాలనుకుంటారు. రెండోది స్వీడన్. రెండుచోట్లా ఖర్చులకి వాళ్ళే ఇస్తారు, స్వీడన్ వాళ్ళు విమానం టికెట్టు కూడా పంపిస్తామన్నారు. కనక డబ్బు గొడవ లేదు. డబ్బు గొడవ ఉన్నా బాగుండేది. “మన దగ్గర లేవమ్మా” అని ఒక్క మాటతో తేలిపోయేది, నేనూ నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేదాన్ని.

స్వీడన్‌లో ఏముందయ్యా అంటే ఐసు. నవ్వకండి. మా హార్బరుకి ఫ్యాక్టరీ నుంచి ఐసు దిమ్మలు వస్తాయి. అంచులు అద్దంలా ఉంటాయి, నడిమధ్యన మాత్రం పాలు విరిగినట్టు తెల్లగా ఉంటుంది. నీళ్ళు ఒకటే, డబ్బా ఒకటే, చలి ఒకటే. మరి నడుమ ఎందుకు తెలుపు? బీఎస్సీ మొదటి సంవత్సరంలో మా ఫిజిక్స్ లెక్చరర్ ప్రకాశరావు గారిని అడిగాను. ఆయన “నాకు తెలియదమ్మా, కనుక్కుని చెప్తాను” అన్నారు. క్లాసంతా నవ్వింది. నేను మాత్రం ఆ రోజే ఫిజిక్స్‌కి పడిపోయాను. తెలియదని ఒప్పుకునే పెద్దమనిషిని అంతకుముందు నేను చూడలేదు. తరవాత ఆయనే వచ్చి చెప్పారు. ఐసు బయటినుంచి లోపలికి గడ్డ కడుతుందట. నీళ్ళలో ఉన్న గాలిని తన ముందు తోసుకుంటూ పోతుందట. చివరికి ఎటూ దారి లేక ఆ గాలి నడుమ బుడగలై ఇరుక్కుంటుందట. ఎలా తోస్తుంది, ఎప్పుడు తోయలేక వదిలేస్తుంది అన్నది ఇంకా పూర్తిగా ఎవరికీ తెలియదని కూడా ఆయనే చెప్పారు. స్వీడన్‌లో ఒక ప్రయోగశాల నిండా జనం కూర్చుని అదే చూస్తున్నారు. బెంగళూరులో నాకు దొరికేది అయస్కాంతాల మీద పని. గొప్ప పనే. అయస్కాంతాలు నాకేమీ అపకారం చెయ్యలేదు.

మే నెలాఖరులోగా వస్తావో రావో చెప్పమని స్వీడన్ వాళ్ళు ఈమెయిలు పెట్టారు. రాకపోతే నా వెనక ఇంకొకరున్నారట.

వేసవిలో వేట నిషేధం కదా, బోట్లన్నీ కాలవలో వరసగా కట్టేసి ఉన్నాయి. బోటు డ్రైవరైన మా నాన్న చిన్నబాబు పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. వల అల్లడంలో ఆయనకి హార్బరులో పేరుంది. ఆయన వేసిన వలకళ్ళు కొలబద్ద పెట్టి చూసినా తేడా రావు. మాట దగ్గరే వచ్చింది చిక్కు. వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

“నాన్నా, బెంగళూరా, స్వీడనా?”

“ఊఁ.”

“ఊఁ ఏంటి? ఏదో ఒకటి చెప్పు.”

“మీ మావయ్యని అడుగు.”

నా మీద అరవడానికి కూడా ఆయన తల ఎత్తలేదు. లోపల్నుంచి మా అమ్మ వెంకటలక్ష్మి వంత పాడింది. “అవునే, మేనమామని అడక్కుండా ఏ పనన్నా చేశామా? చెవులు కుట్టించిందీ ఆడే, నిన్ను బళ్ళో వేసిందీ ఆడే. వెళ్ళి అడిగిరా.”

చెవులు కుట్టించినవాణ్ణి ఫిజిక్స్ గురించి అడగాలన్నమాట. సరే, అడుగుదాం.

మావయ్య మోహన్‌ది దివిసీమలో హంసలదీవి. బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు. బస్సులు మారి, ఎండలో ఆటో పట్టుకుని వెళ్ళేసరికి తలప్రాణం తోకకొచ్చింది. మావయ్య నన్ను చూసి పొంగిపోయి, రొయ్యల వేపుడు చేయించాడు. తిన్నాక నేను విషయం చెబుతుంటే చెయ్యి అడ్డం పెట్టి, “ఇది పెద్ద విషయం. నలుగురిలో పెట్టాల్సిందే” అని పడవలు పెట్టుకునే తాటాకు పాకలోకి తీసుకుపోయాడు. అక్కడ వేట లేక ఖాళీగా ఉన్న పెద్దవాళ్ళందరూ ఉన్నారు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

“సీడనంటే మస్కట్ పక్కనేనా?” అన్నాడొకాయన.

“కాదు తాతా. ఇంకా పైకి.”

“పైకంటే? ఢిల్లీ అవతలా?”

“ఢిల్లీకి చాలా అవతల.”

“సముద్రం ఉందా?”

“ఉంది. చలికాలం గడ్డ కట్టేస్తది.”

పాకలో అందరూ నావైపు తిరిగారు. ఆ మాట అనకుండా ఉండాల్సిందని నాకు వెంటనే తెలిసింది.

“సముద్రం గడ్డ కట్టడమేంటమ్మా? మరి వేటో?”

“ఐసుకి కన్నం కొట్టి అందులోంచి గాలం వేస్తారంట.”

“ఓరి దేవుడా! అయితే చేప అక్కడే, ఐసూ అక్కడే! ఫ్యాక్టరీ వాడి కాళ్ళు పట్టుకోనక్కర్లేదు!”

అంతే. ఇక నా చదువు గోదాట్లో కలిసింది. ఆ మధ్యాహ్నమంతా గడ్డకట్టిన సముద్రం మీద వేట ఎలా చెయ్యాలన్నదే చర్చ. పడవ కావాలా అక్కర్లేదా? ఎడ్లబండి తోలొచ్చా? బండి బరువుకి ఐసు పగిలితే ఎడ్లు ఈదగలవా? ఎడ్ల దగ్గర ఇద్దరు కొట్టుకునేదాకా వెళ్ళారు. నేను మావయ్య చొక్కా పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

“మావయ్యా, నా సంగతి చెప్పు. బస్సు పోద్ది.”

మావయ్య గడ్డం గోక్కున్నాడు. “మీ నాన్న ఏమన్నాడు?”

“ఊఁ అన్నాడు.”

“ఏ ఊఁ? సరేనన్న ఊఁ-నా, విన్నానన్న ఊఁ-నా?”

“నాకేం తెలుసు! ఆయన దగ్గర ఒక్కటే ఊఁ ఉంది.”

“అదీ నిజమే. చూడమ్మా, చదువు సంగతి నాకేం తెలుసు? నీకు చెప్పిన సారున్నారు కదా. ఆయనేమంటే నాదీ అదే మాటని మీ నాన్నతో చెప్పు.” నా చేతిలో ఎండురొయ్యల మూట పెట్టి బస్సెక్కించాడు. ఆ మూట వాసనకి నా పక్క సీటులో బందరుదాకా ఎవరూ కూర్చోలేదు. కూర్చున్నా నేను కరిచేసేదాన్నే.

ప్రకాశరావు గారు బందరు కాలేజీలో పనిచేస్తారు కానీ కాపరం గుడివాడ. రెండో రోజు పాసింజరు బండెక్కాను. పెడన, కవుటరం, గుడ్లవల్లేరు, ప్రతి స్టేషన్లోనూ ఆగి ఆయాసం తీర్చుకుంటూ బండి నన్ను గుడివాడలో దింపింది. దారిపొడుగునా అనుకున్నాను, ఈయన మాత్రం సూటిగా చెప్తారు. తెలియకపోతే తెలియదంటారు, తెలిస్తే చెప్తారు. అలాంటి మనిషి.

ఆయన వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. విన్నారు. లేచి కూర్చున్నారు.

“బెంగళూరు వెళ్ళమ్మా. అనుమానమే వద్దు. మన దేశంలో చదివినవాళ్ళందరూ బయటికిపోతే ఇక్కడ పాఠం చెప్పేదెవరు? కొబ్బరికాయ ఇక్కడా కిందకే పడుతుంది, అక్కడా కిందకే పడుతుంది.”

“పడుతుంది సార్. కానీ ఐసు గడ్డకట్టేటప్పుడు గాలిని ఎలా తోస్తుందో కొలిచే యంత్రం అక్కడే ఉంది.”

ఆయన మొహం వెలిగింది. “అది నిజం. నువ్వు మొదటి సంవత్సరంలో అడిగిన ప్రశ్న కదూ అది! అయితే స్వీడనే వెళ్ళు. ప్రశ్న ఎక్కడికి పిలిస్తే అక్కడికి వెళ్ళాలి.”

నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చినంత పనైంది. హమ్మయ్య, ఒక మనిషి ఒక మాట అన్నాడు. అంతలో ఆయన భార్య కాఫీ పట్టుకొచ్చారు. “స్వీడనా? అమెరికా కాదా? అమెరికా అయితే మా వీధిలో ఇంటికొకరున్నారు, ఆవకాయ పంపించినా అందుతుంది. ఆ స్వీడన్‌లో మనవాళ్ళెవరున్నారమ్మా? ఆరునెలలు పొద్దే పొడవదట. ఆడపిల్ల, చీకట్లో ఒంటరిగా… మీరు చెప్పేముందు ఆలోచించద్దటండీ?”

సారు కాఫీ గ్లాసులోకి చూశారు. “అదీ నిజమే. బెంగళూరులో కూడా మంచి పనే జరుగుతోంది.”

“సార్, ఇప్పుడే కదండీ స్వీడన్ అన్నారు!”

“అన్నాను. ఫిజిక్స్ దృష్ట్యా అన్నాను. జీవితం దృష్ట్యా చూస్తే వేరు. అసలు మీ నాన్నగారు ఏమన్నారు?”

నాకు పిచ్చెక్కినట్టయింది. నాన్న మావయ్యని అడగమన్నాడు, మావయ్య సారుని అడగమన్నాడు, సారు నాన్నని అడగమంటున్నారు. ఆఫీసులో ఒక కుర్చీ నుంచి ఇంకో కుర్చీకి తిప్పినట్టు తిప్పారు. అక్కడైనా లంచమిస్తే పనవుతుంది. గుడివాడ స్టేషన్లో బండికోసం కూర్చుని, ఐసు దిమ్మ నడుమ ఇరుక్కున్న గాలి ఎలా ఉంటుందో అప్పుడు తెలుసుకున్నాను. అన్నివైపుల నుంచీ తోసేవాళ్ళే, దారిచ్చేవాడు ఒక్కడూ లేడు.

ఇంటికొచ్చి నాన్న ముందు నిలబడ్డాను. “సారు నిన్నే అడగమన్నారు.”

“ఊఁ.”

“మావయ్య సారు మాటే తన మాటన్నాడు. సారు నీ మాటన్నారు. నువ్వు చెప్పాలి.”

నాన్న దారం పళ్ళతో కొరికి, ముడి బిగించి, ఇంకో కన్ను వేశాడు. చెప్పలేదు. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. పక్కనున్న దారం ఉండ తన్నాను. అది అరుగు దిగి వీధిలోకి దొర్లుకుంటూ పోయింది. నాన్న లేచి వెళ్ళి, చుట్టుకుంటూ వచ్చి, మళ్ళీ కూర్చున్నాడు. గడువుదాకా మిగిలిన రెండు వారాలూ ఇంట్లో నేను ముట్టుకున్న గిన్నెలన్నీ చప్పుడు చేశాయి. నాయనమ్మ మాత్రం “చదువుకున్న పిల్లకి ఇంత పొగరేంటి” అని గోడకి చెప్పుకునేది. నాకూ ఎవరితోనైనా చెప్పుకోవాలనే ఉంది కానీ గోడ నాయనమ్మ తీసేసుకుంది.

గడువుకి ముందురోజు పొద్దున్న తలంటుకుని, మంచి బట్టలు కట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను.

“అమ్మా, కోనేరు సెంటరులో నెట్ సెంటరుకి వెళ్ళొస్తా. స్వీడన్ వాళ్ళకి రావట్లేదని రాసేస్తా. బెంగళూరు వెళ్తా.”

అమ్మ గరిట పట్టుకునే మొహమంతా నవ్వు చేసుకుంది. “మంచి పని చేశావమ్మా. దగ్గరే కదా. రేపు మీ మావయ్యకి కబురు పెడతా.”

ఎందుకు బెంగళూరు? అడిగినవాళ్ళకి వివరం చెప్పక్కర్లేదు కనక. బెంగళూరంటే అందరికీ తెలుసు. ఎడ్లు ఈదుతాయా అని ఎవరూ అడగరు. పొద్దు పొడుస్తుందా అని ఎవరూ అడగరు. అయస్కాంతమంటే చిన్నపిల్లలకీ తెలుసు. నాకు విసుగు పుట్టింది, అంతే. విసుగుతో నాలుగైదేళ్ళ చదువు ఎంచుకున్నాను.

అరుగు మీద నాన్న వల ముందున్నాడు. నాయనమ్మ పక్కనే చేటలో బియ్యం చెరుగుతోంది. నేను ఎవరి మొహమూ చూడకుండా దిగి, చెప్పుల్లో కాలు పెట్టాను.

“ఎక్కడికి?”

ముందు ఎవరో దారిన పోయేవాళ్ళన్నారనుకున్నాను. తిరిగి చూస్తే వీధిలో ఎవరూ లేరు. నాయనమ్మ చేతిలో చేట ఆగిపోయింది. అన్నది నాన్న. తల దించుకుని, ముడి వేస్తూ అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట ఆ మాట నేను వినలేదు. ఎవరూ వినలేదు.

“నీ నోరు పడిపోను!” నాయనమ్మ నెత్తి కొట్టుకుంది. “బోటు తోలేవాడివి, ఆ మాటేంట్రా! మతి పోయిందా నీకు?”

“పోలేదు. తెలిసే అడిగాను.” నాన్న నావైపు చూశాడు. “అడిగాక వెళ్ళకూడదు. లోపలికి రా.”

“నేనేమన్నా వేటకెళ్తన్నానా? కంప్యూటరుకి పోటూ పాటూ ఉంటయ్యా? ఇవన్నీ నేను నమ్మను!”

ఎమ్మెస్సీ ఫిజిక్స్, ఫస్టు క్లాసు. అయినా అరుస్తూండగానే నా కాలు చెప్పులోంచి దానంతటదే వెనక్కి వచ్చింది. ఆ కాలుని చూస్తే నాకు ఇంకా మండింది. కాళ్ళు కడుక్కుని వచ్చి చాప మీద కూలబడ్డాను. నాన్న తనే చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు.

“ఇప్పుడు చెప్పు. ఎక్కడికి?”

“కోనేరు సెంటరుకి.”

“అది మీ అమ్మకి చెప్పావు, విన్నాను. నేనడిగేది అది కాదు.”

ఇక నాకు ఆగలేదు. “ఇప్పుడా అడిగేది! ఇన్నాళ్ళూ నీ ముందు కూర్చుని కాళ్ళు లాగేశాయి. హంసలదీవి పంపించావు. అక్కడ ఎడ్ల గొడవ. గుడివాడెళ్తే ఆవకాయ గొడవ. అందరూ అందరి గురించీ మాట్లాడారు కానీ, నీకేం కావాలే అని ఒక్కరన్నా నన్నడిగారా?”

“నువ్వు చెప్పావా?” అన్నాడు నాన్న. “ఇదా అదా అని నన్నడిగావు. మీ మావయ్యనడిగావు. మీ సారునడిగావు. నాకిది కావాలని ఎవరికన్నా చెప్పావా?”

నోరు తెరిచాను. చెప్పానని అందామనుకున్నాను, చెప్పలేదు మరి. అది నిజం కావడం వల్ల కోపం తగ్గలేదు సరికదా, రెట్టింపయింది.

“నువ్వేదో ఒకటి చెప్పుంటే నేను…”

“చెప్పుంటే చేసేసేదానివి. అందుకే చెప్పలేదు.” నాన్న చెంబు మీద వేలితో గీశాడు. “నన్నడిగితే బెంగళూరే. రాత్రి బండెక్కితే తెల్లారేసరికి నీ దగ్గరుంటా. నీకు జొరమొచ్చిందంటే వస్తా. ఊరికే చూడాలనిపించినా వస్తా. ఆ దేశం పేరు నా నోరు కూడా తిరగట్లేదు. నువ్వు అక్కడుంటే నాకు నిద్ర పట్టదు. ఇదీ నా మాట. ఇన్నాళ్ళూ నోట్లో పెట్టుకుని కూర్చున్నా. ఇందాక నువ్వు బెంగళూరని మీ అమ్మతో అంటుంటే నాకు పండగలాగుంది.”

“మరెందుకు అడిగావు? వెళ్ళనివ్వచ్చుగా!”

“నీ మొహం చూశా. వేటకి బయల్దేరేవాడి మొహం కాదది. ఇంట్లో గొడవపడి వచ్చేవాడి మొహం. అట్టాంటోణ్ణి నేను బోటెక్కించుకోను. నడిసముద్రంలో వాడి గొడవ అందరికీ చుట్టుకుంటది.” చెంబు నావైపు జరిపి మళ్ళీ అన్నాడు. “పోయేవాడికి తోవ తెలుసు కాబట్టి మనం ఎక్కడికని అడగం. నీకు తెలిసి వెళ్తన్నావా?”

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, ముక్కు ఎగబీలుస్తూనే, మొదటిసారి మా ఇంట్లో ఐసు గురించి చెప్పాను. దిమ్మ అంచు ఎందుకు అద్దంలా ఉంటుందో, నడుమ ఎందుకు తెల్లగా ఉంటుందో, గాలి ఎలా ఇరుక్కుంటుందో, అందులో ఎవరికీ ఇంకా తెలియనిదేమిటో. అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కూర మాడుతున్న వాసన వచ్చినా కదల్లేదు.

“ఐసు మజ్జిన తెల్లగా ఉంటే ఏంటంట?” అంది నాయనమ్మ. “దీనికోసం అంత దూరం పోవాలా?”

“బెంగళూరులో ఐసు లేదా?” అన్నాడు నాన్న. ఆ గొంతులో ఆశ నాకు స్పష్టంగా వినపడింది.

“ఉంది నాన్నా. దాన్ని చూసేవాళ్ళు లేరు.”

“ఊఁ.”

 నేను నీళ్ళు తాగాను, చెంబు ఖాళీ అయ్యేదాకా తాగాను. లేచి మొహం కడుక్కుని మళ్ళీ చెప్పుల దగ్గరికి వెళ్ళాను. ఈ ఇంట్లో ఇంకెవరి నోరు జారుతుందోనని నాయనమ్మ కంగారుగా ముందే అందుకుంది. “దూరమా?”

“దూరమే నాయనమ్మా” అన్నాను. అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కోనేరు సెంటరులో నెట్ మూడుసార్లు తెగింది. నాలుగోసారికి స్వీడన్ వాళ్ళకి వస్తున్నానని వెళ్ళింది. బెంగళూరు వాళ్ళకి రావట్లేదని రాయడం ఇంకా కష్టమైంది. నాలుగు వాక్యాలు రాసి, చెరిపి, రాసి, పంపించాను. కళ్ళు మూసుకుని సంతోషం కోసం ఎదురు చూశాను. రాలేదు. చలి గుర్తొచ్చింది, చీకటి గుర్తొచ్చింది, నాన్నకి నిద్ర పట్టదన్న మాట గుర్తొచ్చింది. ఎవరో ఒకరు వెళ్ళమని పంపించి ఉంటే అక్కడ వణుక్కుంటూ వాళ్ళని తిట్టుకునేదాన్ని. ఎవరో వద్దని ఆపి ఉంటే ఇక్కడ కూర్చుని వాళ్ళని తిట్టుకునేదాన్ని. ఇప్పుడు తిట్టుకోవడానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు. నాన్న మీద ఇంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. నడిరోడ్డు మీద ఆయన్ని మనసులో చెడామడా తిడుతూ ఇంటిదాకా నడిచాను.

అరుగు మీద నాయనమ్మ వల ఒళ్ళో పెట్టుకుని ముళ్ళు విప్పుతోంది. నాన్న పక్కన చేతులు ముడుచుకుని, బడిలో తప్పు చేసిన పిల్లాడిలా కూర్చున్నాడు.

“చూడవే మీ నాన్న నిర్వాకం” అంది నాయనమ్మ. “నువ్వెళ్ళినకాణ్ణుంచీ అల్లాడు. ఒక కన్ను అంత, ఒక కన్ను ఇంత. ఇందులోంచి చేపలు కాదు, పడవలే పోతయ్యి.”

నేను వంగి చూశాను. నిజమే. ఎడమచేతివైపు ఎప్పటిలా కొలత తీసినట్టున్న కళ్ళు. ఆ తరవాత మూరెడు పొడుగున అన్నీ వంకరటింకర.

“రాశావా?” అన్నాడు నాన్న.

“రాశాను.”

“ఊఁ.”

ఆ ఊఁ విని నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. ఏదో గట్టిగా అందామనే నోరు తెరిచాను. కానీ ఒక్క ముడి కూడా సరిగ్గా వెయ్యలేకపోయిన ఆయన చేతులు కనపడ్డాయి. నాయనమ్మ పక్కన కూర్చుని, వల రెండో కొస నా ఒళ్ళోకి లాక్కుని, ఆయన తప్పుగా వేసిన ముళ్ళు విప్పడం మొదలుపెట్టాను.